మామూలైపోయిన నీరు: వయోమింగ్ ఓడ కేస్ స్టడీ

చెక్క ఓడ తనిఖీకి వెళ్లినప్పుడు నేను ముందు చూసేది పలకల్ని కాదు, పంపుని. పంపు పిడి అరిగి నున్నగా మెరుస్తుంటే ఆ ఓడ కథ సగం తెలిసిపోయినట్టే. చాలా ఏళ్ల కిందట ఒక పాత సరుకుల ఓడ ఎక్కి సరంగుని అడిగాను.

"నీళ్లు ఎంత దిగుతున్నాయండీ?"

"మామూలేనండి. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి తోడేస్తాం."

"మరి నిరుడు?"

ఆయన కాసేపు ఆలోచించాడు. "నిరుడు పొద్దున మాత్రమేనండి."

ఆయన అబద్ధం చెప్పలేదు, ఏదీ దాచలేదు. రోజూ చూసే కంటికి ఆ తేడా ఆనలేదు, అంతే. ఆ రోజు నుంచి, నా దగ్గర పని నేర్చుకునేవాళ్లకి నేను మొదట చెప్పే కేసు వయోమింగ్‌ది. మునిగి నూరేళ్లు దాటిన ఓడ. దాన్ని నేను చూడలేదు, చూసినవాళ్లనీ ఎరగను. అయినా ఇంత పెద్ద చెక్క ఓడ పద్నాలుగేళ్లు ఎలా బతికింది, ఒక్క రాత్రిలో ఎలా పోయింది అన్నది వెతుక్కుంటూ పోతే మా వృత్తిలో తెలియాల్సింది చాలావరకు అందులోనే దొరుకుతుంది.

ఓడ

అమెరికాలో మేన్ రాష్ట్రం, బాత్ పట్టణం. కెన్నెబెక్ నది ఒడ్డున పెర్సీ అండ్ స్మాల్ అనే ఓడల కార్ఖానా. 1909 డిసెంబర్ 15న అక్కడి నుంచే వయోమింగ్ నీళ్లలోకి దిగింది. ఆరు తెరచాప కొయ్యలున్న స్కూనర్ అది. ఆ కార్ఖానా ఆరు కొయ్యల స్కూనర్లు మొత్తం ఏడు కట్టింది, వాటిలో ఇదే చివరిది, ఇదే పెద్దది. వయోమింగ్ రాష్ట్ర గవర్నర్ బ్రయంట్ బి. బ్రూక్స్ కూడా వాటా పెట్టడంతో ఓడకి ఆ పేరొచ్చింది.

అసలు ఓడ శరీరం పొడవు 329.5 అడుగులు, అంటే నూరు మీటర్లు. ముందుకి పొడుచుకొచ్చే దూలం కొస నుంచి వెనక తెరచాప వాసం కొస దాకా కొలిస్తే 450 అడుగులు. వెడల్పు 50 అడుగులు, లోతు 30.4 అడుగులు. స్థూల టన్నేజి, అంటే బరువు కాదు, ఓడ లోపలి చోటు కొలత, 3,730. బొగ్గు నింపితే ఆరు వేల టన్నులు పట్టేది. పక్క పలకల మందం ఆరంగుళాలు.

ఇంత ఓడని నడిపింది పదమూడు పద్నాలుగు మందే. అందులోనే దీని ఆర్థికమంతా ఉంది. స్కూనర్ తెరచాపలు ఓడ పొడవు వెంబడే ఉంటాయి. వాటిని డెక్ మీద నిలబడే లాగి కట్టొచ్చు, కొయ్యలెక్కే పని తక్కువ. అడ్డంగా తెరచాపలు కట్టే ఓడకి ఇంతకు రెండింతల మంది కావాలి. పైగా వయోమింగ్ మీద చిన్న ఆవిరి ఇంజన్ ఒకటుండేది. ఓడని నడిపేది అది కాదు. తెరచాపలు ఎత్తడానికి, లంగరు లాగడానికి, పంపులు వేయడానికి పెట్టుకున్నది. ఆ చివరి పనిని గుర్తుపెట్టుకోవాలి. చేతిపంపులతో నీళ్లు తోడుకోవాల్సిన రోజుల్లో ఇంత పెద్ద చెక్క ఓడ కట్టాలన్న ఆలోచన ఎవరికీ వచ్చేది కాదు. ఆవిరి పంపు అండ చూసుకునే చెక్క ఓడలు ఇంత పొడవు సాగాయి.

పని

వయోమింగ్‌ది బొగ్గు మోసే బతుకు. వర్జీనియా రేవుల్లో నింపుకుని ఉత్తరాన న్యూ ఇంగ్లండ్ తీరానికి, అంటే మేన్, మసాచుసెట్స్ లాంటి ఈశాన్య రాష్ట్రాల తీరానికి చేర్చడం, ఖాళీగా దిగి రావడం, మళ్లీ నింపుకోవడం. చూడ్డానికి గొప్ప పనేం కాదు. బొగ్గు తొందరేం లేని సరుకు, నాలుగు రోజులు ఆలస్యమైనా కుళ్లిపోదు. గాలికి డబ్బు కట్టక్కర్లేదు. అందుకే ఆవిరి ఓడలు ఎక్కడ చూసినా తిరుగుతున్న కాలంలో కూడా ఈ పెద్ద స్కూనర్లు లాభంలోనే నడిచాయి. టన్నుకి కిరాయి తక్కువే, కాబట్టి ట్రిప్పుకి ఎక్కువ టన్నులు మోయాలి. ఎక్కువ టన్నులంటే ఇంకాస్త పొడవు. నాలుగు కొయ్యలు అయిదయ్యాయి, అయిదు ఆరయ్యాయి. ఉక్కుతో ఏడు కొయ్యల స్కూనర్ కూడా ఒకటి కట్టారు. 1902లో తయారైన థామస్ డబ్ల్యు. లాసన్ అది. 1907లో ఇంగ్లండ్ నైరుతి కొసన సిల్లీ దీవుల దగ్గర పోయింది.

మొదటి ప్రపంచయుద్ధంలో కిరాయిలు ఆకాశానికంటాయి. 1917లో వయోమింగ్ చేతులు మారింది, కొన్నవాళ్లకి రెండేళ్లలోనే పెట్టిన డబ్బుకి రెండింతలకి పైగా సంపాదించి పెట్టింది. యుద్ధం అయిపోయాక కిరాయిలు పడిపోయాయి. 1921లో మేన్ రాష్ట్రపు పోర్ట్‌లాండ్‌లో కొత్త యజమానుల చేతికొచ్చి మళ్లీ తీరం వెంబడి బొగ్గు మోయడంలో పడింది.

వయోమింగ్ గురించి రాసేవాళ్లు చాలామంది నేరుగా చివరి రాత్రికి వెళ్లిపోతారు. నాకది నచ్చదు. పద్నాలుగు శీతాకాలాలు ఉత్తర అట్లాంటిక్ తీరంలో ఆరేసి వేల టన్నులు మోసిన చెక్క ఓడ ఇది. కట్టినవాళ్లకి పని రాదని ఎవరైనా అంటే నేనొప్పుకోను. చెక్కతో ఎంతవరకు వెళ్లొచ్చో అంతవరకూ వెళ్లారు. ఆ తర్వాత చెక్కలో మిగిలింది ఎంతన్నదే ప్రశ్న.

చెక్క ఎక్కడ లొంగుతుంది

వంద మీటర్ల చెట్టుండదు. కాబట్టి వంద మీటర్ల ఓడకి వంద మీటర్ల పలకా ఉండదు. ముక్క తర్వాత ముక్క, అతుకు తర్వాత అతుకు. ఒక పలక పక్కన ఇంకో పలక, మధ్య సందులో తారు పట్టించిన పీచు కూరి, ఉలితో దట్టించి, పైన తారు పోస్తారు. ఈ పలకలన్నీ బోల్టులతో, చెక్క మేకులతో లోపలి పక్కటెముకలకి బిగించి ఉంటాయి. బయటినుంచి చూస్తే ఒకే గోడలా ఉంటుంది కానీ అది గోడ కాదు. పేక ముక్కల కట్టని రెండు చేతులతో పట్టుకుని వంచి చూడండి. ఒక్కో ముక్క పక్క ముక్క మీద కొద్దికొద్దిగా జారుతుంది. పొడవాటి చెక్క ఓడ కెరటం మీద చేసేది అదే. చెక్క విరగదు, పలకల మధ్య జారుడు మొదలవుతుంది.

నౌకా నిర్మాణం చదివినవాళ్లకి తెలిసిన లెక్కే ఇది. ఒక దూలం మందం అలాగే ఉంచి పొడవు రెండింతలు చేస్తే, దాని మీద సమానంగా పరుచుకున్న బరువుకి అది వంగే వంపు రెండింతలు కాదు, పదహారింతలు అవుతుంది. వయోమింగ్‌ని అదే కార్ఖానా 1902లో కట్టిన అయిదు కొయ్యల స్కూనర్ కోరా ఎఫ్. క్రెస్సీతో పోల్చి చూశాను. క్రెస్సీ పొడవు 273 అడుగులు. లోతుల్లో తేడాని కూడా కలుపుకుని మోటుగా లెక్కవేస్తే, అదే సముద్రంలో వయోమింగ్ దాదాపు రెండింతలు వంగాలి. పొడవు పెరిగింది అయిదో వంతే. వంపు మాత్రం రెట్టింపు. లెక్క మోటుదే, ఒప్పుకుంటాను. ఇక్కడ నాకు కావలసింది కచ్చితమైన అంకె కాదు. ఆ పొడవులో ప్రతి అదనపు అడుగుకీ ఎంత ఖరీదు పడిందో తెలిస్తే చాలు.

కట్టినవాళ్లకి ఇది తెలుసు. అందుకే పక్కటెముకల మీద ఏటవాలుగా ఇనుప పట్టీలు అల్లారు, ఒక్కో పక్కన తొంభై దాకా. పలకలు జారకుండా పట్టి ఉంచడానికి అది సరైన ఆలోచనే. కానీ ఇనుము సాగదు, చెక్క నలుగుతుంది. పట్టీ లాగిన ప్రతిసారీ బోల్టు చుట్టూ ఉన్న చెక్క వెంట్రుకవాసి నలుగుతుంది. గుండ్రటి కన్నం మెల్లగా కోడిగుడ్డు ఆకారంలోకి వస్తుంది. కన్నం వదులైతే పట్టీ ఉండీ లేనట్టే. కట్టిన ఏడాది ఉన్న బిగువు పదో ఏడాదికి ఉండదు.

పాత ఓడల్లో పక్క పలక బోల్టు ఒకటి ఊడదీయించి చూస్తాను. తల బాగుంటుంది, కొస బాగుంటుంది. మధ్యలో, పలక వెళ్లి పక్కటెముకకి ఆనే చోట మాత్రం డమరుకం నడుములా సన్నబడి ఉంటుంది. చుట్టూ ఓక్ చెక్క సిరా పోసినట్టు నల్లబడి, గోరుతో గీరితే పొడిగా రాలుతుంది. ఓక్‌లో ఉండే పులుపు ఇనుముని తింటుంది, ఇనుప తుప్పు తిరిగి ఓక్‌ని తింటుంది. ఆ నడుముని వేళ్ల మధ్య పట్టుకుని తిప్పి చూసినప్పుడల్లా నాకు భయమేస్తుంది. బయట రంగు వేసిన తల చూసి ఏం లాభం? ఓడని పట్టుకుని ఉన్నది ఆ నడుము.

మేన్ కార్ఖానాల వాళ్లు చెక్క కుళ్లకుండా పక్కటెముకల మధ్య రాతి ఉప్పు నింపేవారు. చాలా మంచి అలవాటు. చెక్క ఓడకి ఉప్పునీటి కన్నా వాననీరే పెద్ద శత్రువు. అయితే ఉప్పు కుళ్లుని ఆపుతుందే గానీ వంపుని ఆపలేదు.

పెద్ద కెరటాల్లో వయోమింగ్ శరీరం మెలికలు తిరిగేదనీ, పలకల సందులు తెరుచుకుని నీళ్లు దిగేవనీ, పంపులు నడుస్తూ ఉంటేనే లోపల పొడిగా ఉండేదనీ దాని చరిత్ర చెప్పేవాళ్లంతా అనే మాట. అది దాచిపెట్టిన లోపం కాదు. అందరికీ తెలుసు. బొగ్గు ఖర్చు, తాళ్ల ఖర్చు, పంపు ఖర్చు అని కలిపి రాసుకున్నారు. నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే. కొత్త ఓడలోకి చెంబెడు నీరొస్తే అందరూ పరుగెత్తుతారు. ఎప్పుడూ నీరొచ్చే ఓడలోకి ఇంకో చెంబెడు వస్తే ఎవరూ తలెత్తి చూడరు. నీరు దిగడమన్నది ఓడ మనకి చేసే హెచ్చరిక. దాన్ని మామూలు అనేసుకున్న రోజే ఆ హెచ్చరిక మనకి వినపడడం మానేస్తుంది.

1924 మార్చి

ఓడ వర్జీనియాలోని నార్‌ఫోక్‌లో బొగ్గు నింపుకుని బయల్దేరింది. కెనడాలో న్యూ బ్రన్స్‌విక్ ప్రాంతంలోని సెయింట్ జాన్ రేవుకి వెళ్లాలి. కెప్టెన్ చార్లెస్ గ్లేసెల్. క్రెస్సీ కూడా అదే సమయంలో అక్కడి నుంచి బయల్దేరింది. దానికి కెప్టెన్ పబ్లికోవర్.

మసాచుసెట్స్ రాష్ట్రం నుంచి మడిచిన చేయిలా సముద్రంలోకి చొచ్చుకొచ్చే నేల కేప్ కాడ్. దాని మోచేతి వంపు దగ్గర చాతమ్ పట్టణం ఉంటుంది. దాని కింద మోనొమోయ్ అనే ఇసుక దీవి, పక్కనే పొలాక్ రిప్ అనే ఇరుకు దారి, చుట్టూ ఇసుక తిప్పలు. వాటి మీదుగా ఆటుపోట్ల ప్రవాహం వడిగా పారుతుంది. ఓడలకి గుర్తుగా అక్కడ ఒక దీపపు నౌకని లంగరు వేసి ఉంచేవారు. మార్చి 11న ఈశాన్య గాలివాన ముంచుకొచ్చింది. రెండు ఓడలూ చాతమ్ దగ్గర లంగరు వేశాయి. పొద్దుగూకే వేళకి పబ్లికోవర్ లంగరెత్తి ఓడని బయటి సముద్రంలోకి తీసుకుపోయాడు. వయోమింగ్ అక్కడే ఉండిపోయింది.

క్రెస్సీ బతికింది. వయోమింగ్‌ని మళ్లీ ఎవరూ చూడలేదు. పద్నాలుగు మందీ పోయారు. ఓడ ముక్కలు కొన్ని నాన్‌టకెట్ దీవి ఒడ్డుకి కొట్టుకొచ్చాయి. దీపపు నౌకకి తూర్పున మునిగి ఉంటుందని అప్పట్లో అనుకున్నారు. అసలు శకలాలు 2003లో గానీ దొరకలేదు. అమెరికన్ అండర్‌వాటర్ సెర్చ్ అండ్ సర్వే అనే సంస్థ మోనొమోయ్ దగ్గర వాటిని కనిపెట్టింది.

నా అంచనా

చెప్పడానికి మనిషి మిగలని ప్రమాదం ఇది. కాబట్టి ఇక్కడి నుంచి నేను రాసేది అంచనా, సాక్ష్యం కాదు.

లోతైన సముద్రంలో ఎనిమిది సెకన్లకొక అల వస్తుంటే, ఒక అల శిఖరానికీ తర్వాతి శిఖరానికీ మధ్య దూరం వంద మీటర్లు ఉంటుంది. వయోమింగ్ పొడవూ వంద మీటర్లే. ఓడకి ఇంతకంటే చెడ్డ కొలత లేదు. శిఖరం ఓడ నడుము కిందికొచ్చినప్పుడు ముందూ వెనకా గాల్లో వేలాడతాయి. నాలుగు సెకన్లు గడిచేసరికి రెండు కొసలూ రెండు శిఖరాల మీద, నడుము కింద పల్లం. ఆరు వేల టన్నుల బొగ్గుతో ఒకసారి ఇటు, ఒకసారి అటు. గంటకి 450 అలలు. పన్నెండు గంటల రాత్రికి 5,400. ఈశాన్య గాలివానలో ఎనిమిది సెకన్ల అల వింతేం కాదు. ఇసుక తిప్పల మీదికి వచ్చేసరికి అదే అల ఇంకా దగ్గరపడి నిటారుగా లేస్తుంది, ఎదురు ప్రవాహం తగిలితే మరీను.

లంగరు మీదున్న ఓడ వీటికి పక్కకి తప్పుకోలేదు. గొలుసు ముక్కుని పట్టి ఉంచుతుంది. అల పైకి లేపుతుంటే గొలుసు కిందికి లాగుతుంది. బయటి సముద్రంలో కొద్దిపాటి తెరచాపతో గాలికి ఓరగా నిలబడిన ఓడ అలతో పాటే కొంత కొట్టుకుపోతుంది, కొంత దెబ్బ అలా వదిలిపోతుంది. లంగరేసిన దానికి ఆ వీలు లేదు.

ఇంకో సంగతి నన్ను వదలదు. ఈ తరహా స్కూనర్లలో ఆవిరి బాయిలర్ ముందువైపు డెక్ మీది గదిలో ఉండేది. లంగరేసిన ఓడకి అలలన్నీ తగిలేది అక్కడే. ఆ గదిలోకి నీళ్లు జొరబడి బాయిలర్ నిప్పు ఆరితే పంపు ఆగుతుంది. మామూలు రోజుల్లోనే పంపు మీద బతికే ఓడకి పంపు ఆగితే ఎన్ని గంటలుంటాయి? పైగా సరుకు బొగ్గు. నీళ్లతో పాటు బొగ్గు పొడి అడుగుకి జారితే ఆడుతున్న పంపు గొట్టాన్ని కూడా పూడ్చేస్తుంది.

గొలుసు తెగి తిప్పల మీదికి కొట్టుకుపోయిందా, అల పల్లంలో అడుగు ఇసుకకి గుద్దుకుందా, నిలబడ్డ చోటే సందులు తెరుచుకుని నిండిపోయిందా? మూడూ జరిగే వీలున్నవే. నాకు మాత్రం మూడోది మొదలయ్యాకే మిగతావి వచ్చి ఉంటాయనిపిస్తుంది. నీళ్లు దిగిన ఓడ బరువెక్కుతుంది. బరువెక్కితే కిందికి కూర్చుంటుంది, గొలుసు మీద లాగుడూ పెరుగుతుంది. అప్పుడు తెగడానికైనా అడుగుకి తగలడానికైనా ఎంతసేపు కావాలి.

కెప్టెన్ గ్లేసెల్‌ని తప్పుపట్టేవాళ్లని చూశాను. లంగరెత్తి ఉంటే బతికేవాడంటారు. ఫలితం తెలిశాక అది అనడం తేలిక. చీకటి పడుతోంది, గాలి పెరుగుతోంది, చుట్టూ తిప్పలు, పొడవాటి బరువైన ఓడ. దాన్ని ఆ ఇరుకులోంచి తెరచాపల మీద బయటికి తీయడం కూడా ప్రాణాలతో పందెమే. పబ్లికోవర్ ఆ పందెం కాశాడు, నెగ్గాడు. ఆయన చేతిలో ఉన్నది 56 అడుగులు పొట్టి ఓడ. ఇద్దరు కెప్టెన్లని పక్కపక్కన నిలబెట్టి పోల్చేముందు ఆ 56 అడుగులని కూడా తూకంలో వెయ్యాలి. నా మటుకు నేను ఆ రోజు లంగరు వెయ్యమనే చెప్పేవాణ్నేమో, చెప్పలేను. ఆ పద్నాలుగు మందిలో డెక్ మీద పనిచేసే కుర్రాడికి ఈ పొడవులూ వంపులూ ఏం తెలుసు? వాడికి తెలిసిందల్లా పంపు ఆడుతున్న చప్పుడు.

నేను మార్చుకున్నది

ఈ కేసు చదివాక నా తనిఖీలో రెండు పనులు చేర్చాను.

మొదటిది తాడు. ముందు కొస నుంచి వెనక కొస దాకా డెక్ మీద సన్నటి తాడు బిగించి కట్టి, మధ్యలో తాడుకీ డెక్‌కీ ఎంత ఎడముందో కొలుస్తాను. ఖాళీ ఓడకి ఒకసారి, సరుకు నింపాక అదే చోట మరోసారి. చెక్క ఓడ కొద్దిగా వంగడం సహజమే. సరుకు దించాక ఆ వంపు వెనక్కి వస్తోందా రావట్లేదా అన్నదే నాకు కావాలి.

రెండోది నీటి కొలత. అడుగుకి దిగే గొట్టంలోకి ఇనుప కడ్డీని తాడు కట్టి వదులుతాం. వదిలేముందు కడ్డీకి సుద్ద రుద్దుతాం. అడుగుకి తగిలి టక్కుమంటుంది, పైకి లాగి తడి గీత దగ్గర చదువుతాం. ఇది పాత పద్ధతే, ప్రతి ఓడలోనూ ఉంది. నేను మార్చింది ఎలా రాయాలన్నది మాత్రమే. పంపు ఆపించి గంట ఆగి, అప్పుడు ఎన్ని అంగుళాలు పెరిగిందో రాస్తాను. ఖాళీగా ఉన్నప్పుడు, నిండుగా ఉన్నప్పుడు, గాలిలో తిరిగొచ్చిన మర్నాడు. పోయినసారి అంకె పక్కనే రాస్తాను. యజమాని "మామూలేనండి" అంటే ఆ కాగితం చూపిస్తాను. మొదట్లో చెప్పిన ఆ సరంగు ఓడలో అంకెలు ఇలా రాసి చూపించినప్పుడు, ఆయన చాలాసేపు కాగితం వంకే చూసి, "ఇది ఎప్పుడు పెరిగిందండీ?" అని అడిగాడు. ఆ ఓడని ఆ సీజన్ ఒడ్డుకెక్కించి అడుగు పలకలు విప్పారు. బోల్టులు పదకొండు ఊడదీస్తే తొమ్మిదింటికి నడుములు సన్నబడే ఉన్నాయి.

ఇక ఆ రాత్రి బతికి బయటపడ్డ క్రెస్సీ. తర్వాత కొన్నేళ్లకి సరుకు పని మానేసింది. కొన్నాళ్లు బోస్టన్‌లో తేలే నైట్ క్లబ్‌గా ఉంది. 1930ల చివర్లో మేన్ రాష్ట్రంలోనే బ్రెమెన్ దగ్గరికి లాక్కొచ్చి, సముద్రపు రొయ్యలు నిల్వ ఉంచే చెరువుకి అలల అడ్డుగోడగా బురదలో నిలబెట్టారు. దాని శరీరం ఇంకా అక్కడే ఉంది. పెర్సీ అండ్ స్మాల్ వాళ్లు పలకలు ఎలా అతికారో, బోల్టులు ఎక్కడ వేశారో కంటితో చూడాలంటే ఆ ఒడ్డుకే వెళ్లాలి.